ముక్కు లేని గింజ

మేడ్చల్ పాత రైసుమిల్లు వెనక గల్లీలో ఎవరి కంచంలోనైనా రాయి తగిలిందంటే ఆ ముచ్చట పొద్దుగూకేదాకా నడుస్తుంది. అందులోనూ ఆ బియ్యం దుర్గమ్మ ఏరిచ్చినవైతే రాయి సంగతి ఎవరూ నమ్మరు. "నువ్వే ఏడ్నో పడేస్కున్నవ్ తియ్" అని తిన్నవాడినే దబాయిస్తారు. దుర్గమ్మ మాత్రం చాట మీంచి తలెత్తకుండా "పోనియ్యుండ్రి, పాపం" అంటుంది. ఆ 'పాపం' అనడంలో ఎంత టెక్కు ఉంటుందో చెవులారా వింటే గాని తెలియదు.

ఆ టెక్కు ఊరికే వచ్చింది కాదు. ఇరవై ఎనిమిదేళ్లు ఆమె అదే మిల్లులో బియ్యం చెరిగి, ఏరింది. రాయి, మట్టిబెడ్డ, నల్లగింజ, నూకల్లో నూకలా దాక్కున్న పురుగు, ఏదీ ఆ వేళ్లను తప్పించుకోలేదు. చివరికి సేటు బియ్యం ఏరే మిషన్ ఒకటి తెచ్చాడు. దానికి కెమెరా కళ్లున్నాయని, మనిషి కన్ను దాని ముందు దిగదుడుపేనని గొప్పలు పోయాడు. దుర్గమ్మ మిషన్ కింద దోసిలి పట్టి, అందులోంచి ఏడు నల్లగింజలు తీసి సేటు టేబుల్ మీద వరసగా పేర్చింది. సేటు నవ్వి, ఆమెకు చీర పెట్టి, మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. ఇదేం న్యాయమో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు, నాకూ అర్థం కాదు. కొన్నాళ్లకు మిల్లే మూతపడి ఫంక్షన్ హాలైంది. ఇప్పుడు అక్కడ పెళ్లికి పోతే, పెళ్లికూతురు కూర్చున్న సోఫా చూపించి "గాడనే నా చాట ఉంటుండె" అని పక్కవాళ్లకు చెబుతుంది. బిర్యానీ మెతుకుల్ని వేలితో తిప్పి చూడడం కూడా మానలేదు.

ఇప్పుడామెకు అరవై రెండు. కొడుకు నగేష్ నీళ్ల ట్యాంకర్ తోలుతాడు. కోడలు సరళ మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది. ఇల్లు, పొయ్యి, మనవరాలు అంకిత, ఈ మూడూ దుర్గమ్మ చేతి కిందివే. అంకిత తొమ్మిదో తరగతి. బడి కబడ్డీ జట్టులో కూతకు వెళ్లే పిల్ల. ఆ పిల్ల కూత పెడితే ఫంక్షన్ హాలు బ్యాండువాళ్లు కూడా ఆగి వింటారని దుర్గమ్మ చెబుతుంది. అందులో సగం తగ్గించుకొని వినాలి.

సరే, అసలు సంగతికి వద్దాం. ఏడాది కింద ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారట. ఎవరో గిన్నెలో బియ్యం పోసి నీళ్లు పోస్తే కొన్ని గింజలు పైకి తేలాయి. పక్కింటి వజ్రమ్మ ఆ ఫోన్ పట్టుకొని ఉరికొచ్చింది.

"వదినే, గిది జూడు. మనం తినేది అన్నమా, బకెట్లా?"

దుర్గమ్మకు వీడియోలతో పనేముంది? రేషన్ సంచి విప్పి, చాటలో పోసి, వెలుతురుకు తిప్పి చూసింది. చూసి, ఒక గింజను వేళ్ల కొసన పట్టి పైకెత్తింది.

"వడ్లల్లకెళ్లి వచ్చిన గింజకు కొసకు ముక్కు ఉంటది వజ్రమ్మా. మొలక లేసే తావు అది. మిల్లుల పడ్డంక ఆడ చిన్న గాటు మిగుల్తది. ఎంత పాలిష్ కొట్టినా పోదు. గీ గింజకు గాటే లేదు. నున్నగ, మబ్బు తెల్లగ ఉన్నది. గిది వడ్లల్లకెళ్లి రాలే."

మాట నిజమే. ఆ గింజ వడ్ల నుంచి రాలేదు. అంతవరకు దుర్గమ్మ కన్ను తప్పు చెప్పలేదు. అక్కడ ఆగి ఉంటే నాకీ కథ చెప్పే పని తప్పేది. వడ్ల నుంచి రాకపోతే ఇక ప్లాస్టికేనని ఆమె తేల్చేసింది. దుర్గమ్మ తేల్చాక గల్లీలో మారుమాట లేదు.

ఆ రోజు నుంచి ఎనిమిదిళ్ల రేషన్ బియ్యం ఆమె అరుగు మీదికి రావడం మొదలైంది. నూరు గింజలకు ఒకటి చొప్పున ఉంటాయవి. కిలో బియ్యం పోస్తే పట్టుమని పిడికెడు కూడా కావు. వాటి కోసం పొద్దున కూర్చుంటే మధ్యాహ్నందాకా వంచిన మెడ ఎత్తేది కాదు. లేచేటప్పుడు కళ్లు తిరిగి గోడ పట్టుకొనేది. వయసు మీద పడుతోంది, అంతే కదా అనుకునేది. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది కాస్త కారం వేసుకొని తిని, ఆ పైన గ్లాసుడు చిక్కటి చాయ్ తాగితే ఆమె భోజనం అయినట్టు.

ఏరిన గింజల్ని పారేయలేదు. పాత నూనెడబ్బాలో పోసి మూత బిగించింది. డబ్బా నిండాక కలెక్టరాఫీసుకు పట్టుకుపోయి నిలదీయాలని ఆమె పట్టుదల. "మిల్లుల ఏడు గింజలే పెట్టిన. గీడ డబ్బెడు పెడత" అనేది.

ఒకరోజు మూత తీసి ఉన్నది చూసి వజ్రమ్మ కోడిపెట్ట అందులో తల దూర్చింది. దుర్గమ్మ చూసేసరికి మెడదాకా మెక్కి, ముక్కు తుడుచుకుంటోంది. పరాయి కోడి, పైగా వజ్రమ్మ కోడి. అది ఎప్పుడు పడిపోతుందా అని దుర్గమ్మ సాయంత్రందాకా దాని వెనకే తిరిగింది. కోడి పడిపోలేదు సరికదా, మర్నాడు పొద్దున్నే గుడ్డు పెట్టి గల్లీ అంతా వినబడేలా అరిచింది. ఇంకెవరైనా అయితే ఒక్క క్షణం ఆలోచించేవారు. "మొండి కోడి. రాళ్లు తిన్నా అరిగిచ్చుకుంటది" అనుకొని దుర్గమ్మ మూత గట్టిగా బిగించింది.

అలా ఉండగా బళ్లో రక్తపరీక్షలు పెట్టారు. ఆ సాయంత్రం అంకిత సంచి మూలకు విసిరి గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏమైంది బిడ్డా?"

"నాకు రక్తం తక్కువున్నదట. ఎనిమిది పాయింట్ నాలుగు. పన్నెండు ఉండాలెనట."

"ఎవలన్నరు?"

"నర్సమ్మ. పీఈటీ సార్ ఏమన్నడంటే, రెండు నెలలల్ల మల్ల జూస్తరట, పది దాటితేనే షామీర్‌పేట పోటీలకు తీస్కపోతడట. దాటకుంటె పక్కకు కూసోబెడ్తడట." పిల్ల గోడను గోటితో గీకింది. "నీళ్ల బాటిళ్లు మోయాలె అవ్వా నేను."

దుర్గమ్మకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తన చేతి అన్నం తిన్న పిల్లకు రక్తం తక్కువా? ఈ గల్లీలో ఇంత శుభ్రమైన బియ్యం తినే పిల్ల ఇంకొకతె ఉందా? ఆ తర్వాత పిల్ల మొహం చూసింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఈ మధ్య కూతకు పోయి వచ్చి గీత మీదే కూలబడి, నోరు తెరిచి ఊపిరి పీల్చుకోవడం తనూ చూసింది. అప్పుడు భయం వేసింది.

రెండు రోజులకు నర్సు శ్రీదివ్య ఇంటికే వచ్చి ఇనుము గోళీలు ఇచ్చింది. ఎదిగే ఆడపిల్లలకు ఇనుము ఎక్కువ ఖర్చవుతుందని, రోజుకొక గోళీ వేయాలని, ఆకుకూర, పప్పు, గుడ్డు పెట్టి పైన నిమ్మకాయ పిండాలని విడమరచి చెప్పింది. దుర్గమ్మ సగం విన్నది. విన్న సగాన్ని మాత్రం వదిలిపెట్టలేదు. పొద్దున తోటకూర, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం పల్లీలు బెల్లం, ఆదివారం మేక కార్జం. గుడ్డు వజ్రమ్మ కోడిదే. గోళీ మింగడానికి పిల్ల మొహం చిట్లిస్తే, ఆ వాసన తెలియకుండా చిక్కటి చాయ్‌తో మింగించింది. ఇంత ప్రేమగా ఎవరు చేస్తారు చెప్పండి.

నెల తిరిగాక నర్సు మళ్లీ వేలు పొడిచి చూసింది. ఎనిమిది పాయింట్ ఏడు. ఇంత తిండికి ఇంతేనా అని ఆమెకు అనుమానం వచ్చింది.

"అవ్వా, గోళీ దేనితోని మింగిపిస్తున్నవ్?"

"చాయ్‌తోని."

శ్రీదివ్య తల పట్టుకుంది. "చాయ్ ఇనుముని కడుపులనే పట్టేస్కుంటది అవ్వా. రక్తంలకు పోనియ్యది. గోళీ ఏసిన గంట ముందు, గంట ఎనక చాయ్ ముట్టొద్దు. అన్నం తిన్నంక గూడ అంతే. నిమ్మకాయ నీళ్లతోని ఏస్తే మంచిగ పడ్తది."

దుర్గమ్మ సరేనంది. చాయ్ మాన్పించింది కూడా. కానీ అసలు దొంగ చాయ్ అంటే ఆమె మనసు ఒప్పుకోలేదు. చాయ్ తాగి చెడినవాళ్లను ఆమె ఎరగదు. రాత్రంతా ఆలోచించి తన దొంగను తనే పట్టింది. ఒకటో రెండో ప్లాస్టిక్ గింజలు తన కన్ను దాటి పోతున్నాయి. అవే పిల్ల రక్తం తాగుతున్నాయి.

మర్నాటి నుంచి ప్రతి చాటా రెండేసి సార్లు ఏరింది. మూడో రోజుకు అంకిత తినే బియ్యంలో ముక్కు లేని గింజ దివిటీ పెట్టి వెతికినా దొరకదు. డబ్బా నిండింది. సోమవారం ప్రజలు అర్జీలిచ్చే రోజు. ఉతికిన చీర కట్టుకొని, డబ్బా ఒళ్లో పెట్టుకొని, షేరింగ్ ఆటోలో షామీర్‌పేట కలెక్టరాఫీసుకు బయలుదేరింది. గల్లీ అంతా వచ్చి సాగనంపింది. వజ్రమ్మ ఆమె నుదుట బొట్టు కూడా పెట్టింది.

ఆఫీసులో వరసలో నిలబడి, ఆ గదికి పొమ్మంటే ఈ గదికి, ఈ గదికి పొమ్మంటే ఆ గదికి తిరిగి, చివరకు రేషన్ సంగతులు చూసే యాదగిరి అనే ఆయన టేబుల్ దగ్గరికి చేరింది. మిల్లులు తిరిగి బియ్యం తనిఖీ చేసే మనిషి. దుర్గమ్మ డబ్బా మూత తీసి ఠప్పున ముందు పెట్టింది.

"సారూ, ఇరవై ఎనిమిదేండ్లు మిల్లుల బియ్యం ఏరిన. నా కండ్లను మోసం జేసుడు ఎవలతోని కాదు. గీ ప్లాస్టిక్ తిని నా మనుమరాలు రక్తం లేకుంట అయింది. గిది ఎవలు కలుపుతున్నరో నాకు జెప్పాలె."

యాదగిరి చిటికెడు గింజలు అరచేతిలో పోసుకొని చూశాడు. నవ్వుతాడేమోనని దుర్గమ్మ కాచుకొని ఉంది. ఆయన నవ్వలేదు.

"పెద్దమ్మా, గివన్ని నువ్వొక్కదానివే ఏరినవా?"

"ఎనిమిదిండ్లయి. నేనొక్కదాన్నే."

"ఒక్క మామూలు గింజ గూడ లేదు గిండ్ల. మిషన్లు గూడ గింత సాఫుగ ఏరవు. నీ కన్ను కరెక్టే. గివి వడ్లల్లకెళ్లి రాలే."

"గదే నేనంట."

"మరి నోట్లె ఏస్కొని జూసినవా?"

"ప్లాస్టిక్ ఎవలన్న నోట్లె ఏస్కుంటరా సారూ?"

"మిల్లుకు లోడ్ వస్తే ముందుగాల ఏం జేస్తరు పెద్దమ్మా?"

దుర్గమ్మ చెయ్యి డబ్బాలోకి పోయింది. మిల్లుకు బియ్యం వస్తే, ధాన్యం వస్తే, ఎవరైనా మొదట చేసే పని ఒకటే. ఒక గింజ తీసి పంటికింద పెడతారు. టక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే తడి ఉన్నట్టు. సేటు చేసేవాడు, హమాలీలు చేసేవాళ్లు, తనూ రోజూ చేసేది. ఈ ఏడెనిమిది నెలల్లో వేల గింజల్ని వేళ్లతో పట్టుకుంది గాని ఒక్కదాన్నీ పంటికింద పెట్టలేదు.

ఒక గింజ తీసి నోట్లో వేసుకుంది. కొరికింది. విరిగింది. నాలుక మీద పిండి పిండి అయింది. బియ్యప్పిండి. చివర్న మాత్రం ఇనుప గంటె నాకినట్టు చిన్న రుచి.

"పిండి" అంది, తనలో తను అనుకున్నట్టు.

"బియ్యప్పిండే. ఇనుము, ఇంక రక్తానికి పనికొచ్చే రెండు విటమిన్లు కలిపి, మిషన్ల గింజ లెక్క ఒత్తుతరు. నూరు గింజలకు ఒకటి కలుపుతరు. కొన్ని నీళ్లల్ల తేలుతయ్ గూడ, ఒత్తిన పిండి గదా. పాలిష్ కొడితే బియ్యం బలం తవుడులకు పోతది, నీకు తెల్వనిదా? పోయినదాంట్ల కొంత మల్ల గిట్ల కలుపుతున్నరు."

తవుడు సంగతి దుర్గమ్మకు తెలియకేం, ఆమె కళ్ల ముందే లారీలకు లారీలు పశువుల దాణాకు పోయేది. అయినా ఓడిపోవడం అలవాటు లేని మనిషి కదా, ఒక మెలిక వేసింది.

"అన్నం తింటే బలం వస్తది. నడుమ గీ ఇనుమెందుకు సారూ? పిల్ల ఏమన్న రైలుపట్టానా?"

"మీ మిల్లుల బాయిలర్ దేనితోని నడుస్తుండె?"

"ఊకతోని."

"ఒక్క ఊకనే పోస్తే?"

"పొగ లేస్తది. బ్లోయర్ ఎయ్యాలె. గాలి కొడితేనే మంట."

"గంతే పెద్దమ్మా. అన్నం ఊక అసువంటిది. ఒంట్ల అది మండాలంటె గాలి గావాలె. పీల్చిన గాలిని కాళ్లకు, చేతులకు, మెదడుకు మోసుకపోయేది రక్తం. ఆ గాలిని పట్టుకునేది రక్తంల ఉన్న ఇనుము. అది లేకుంటె ఎంత తిన్నా పొగనే. గీ గింజలొక్కటితోనే అంత అయితదని కాదు. గోళీ గావాలె, ఆకుకూర, గుడ్డు గావాలె. కని గివి తీసేసుడు మాత్రం మంచిది కాదు."

గీత మీద కూలబడి నోరు తెరిచి ఊపిరి కోసం ఎగబడే అంకిత దుర్గమ్మ కళ్లలో మెదిలింది. అన్నం మీద అన్నం పెట్టి ఊక మీద ఊక పోసింది తనే. చాయ్ పోసింది తనే. బ్లోయర్ ముక్కలు ఊడబీకి నూనెడబ్బాలో దాచిందీ తనే. ఒక్క ఇంట్లో కాదు, ఎనిమిదిళ్లలో. సిగ్గుతో ఆమె మెడ వంగిపోయింది.

"డబ్బాలయి ఏం జేయాలె?" అని నెమ్మదిగా అడిగింది.

"ఉట్టిగ గవే వండుకోకుండ్రి, మోతాదు మస్తు ఎక్కువైతది. పాతయి పారెయ్యి. ఇగ ఏరకు, చాలు."

తిరుగు ఆటోలో డబ్బా ఒళ్లో కాకుండా కాళ్ల కింద పెట్టుకుంది. దారిలో ఊళ్లన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. తన పేరు మాత్రం రేపటి నుంచి ఏమవుతుందో తెలియదు. మిషన్‌ను ఓడించిన దుర్గమ్మ పిండిగింజ పోల్చుకోలేకపోయిందని నవ్వరూ? దారి పొడుగునా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఏరడం మానేస్తే చాలు.

గల్లీ మొదట్లోనే వజ్రమ్మ ఎదురొచ్చింది. "ఏమన్నరు వదినే? ఎవలనన్న లోపలేస్తరా?"

"సార్లు ఇంక జూస్తరట." దుర్గమ్మ నేల చూపులు చూసింది. "నా కండ్లు మసకలు గొడుతున్నయ్ వజ్రమ్మా. ఇగ ఏరుడు నాతోని కాదు."

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ కళ్ల గురించి ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. నోరు చేదెక్కింది. గల్లీ నిజంగానే నమ్మి బాధపడింది. ఒకామె బత్తాయిలు తెచ్చింది. ఇంకొకామె కంటి ఆపరేషన్ ఎక్కడ ఉచితంగా చేస్తారో చెప్పిపోయింది. దుర్గమ్మ పొరపాటున దూరంగా పోతున్న బస్సు నంబరు చదివి, తర్వాత నాలిక కరుచుకుంది.

మర్నాడు పొద్దున చాట చప్పుడుకు మెలకువ వచ్చింది. చూస్తే తన అరుగు మీదే వజ్రమ్మ కళ్లద్దాలు పెట్టుకొని కూర్చుంది. పక్కన ఆమె మనవరాలు నయన, అంకిత జట్టులో పిల్లే. ఇద్దరి ముందూ దుర్గమ్మ ఇంటి బియ్యం.

"గిదేం పని వజ్రమ్మా?"

"మాకు ఏరి ఏరే గదా నీ కండ్లు పోగొట్టుకున్నవ్. ఇగ నీ ఇంటియి నేను ఏర్త. అంకిత తినే బియ్యం, ఒక్క గింజ గూడ పోనియ్య. నువ్వు జెప్పినట్టే, కొసకు ముక్కు లేనియి జూసి జూసి తీస్తున్న."

నిజంగానే తీస్తోంది. పక్కన గిన్నెలో అప్పుడే కాస్త కుప్ప అయింది. ఒక్కటీ తప్పు గింజ లేదు. ఇంత బాగా నేర్పినందుకు దుర్గమ్మ తనను తను తిట్టుకుంది. "ఒద్దు తియ్" అంది. "నువ్వు సల్లగుండు వదినే, కూసో" అంది వజ్రమ్మ. ఇంత మంచితనాన్ని ఎలా ఆపాలో దుర్గమ్మకు తోచలేదు. అప్పుడే నయన చాట పట్టుకొని లేవబోయి, తూలి, గోడ పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదవ్వా. కండ్లకు చీకట్లొచ్చినయ్. నాది గూడ తొమ్మిదే అన్నది నర్సమ్మ."

అంతే. దుర్గమ్మ లోపలికి పోయి డబ్బా తెచ్చి అరుగు మధ్యన పెట్టింది. ఎనిమిదిళ్లవాళ్లనూ పేరుపేరునా పిలిచింది. పనికి పోయేవాళ్లు టిఫిన్ డబ్బాలతోనే వచ్చి నిలబడ్డారు. అంకిత యూనిఫాంలో గడప మీద నిలబడింది. దుర్గమ్మ అందరూ చూస్తుండగా ఒక గింజ తీసి, పంటికింద కొరికి, నమిలి, నోరు తెరిచి చూపించింది.

"పిండి. ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండి. ఇనుము పెట్టి చేసింది. రక్తం పట్టాలని కలుపుతున్నరు. నిన్న కలెక్టరాఫీసుల ఎరుకైంది నాకు. నా కండ్లకేం గాలే, మసకలని అబద్ధం జెప్పిన. ఇన్ని నెలలు మీ బియ్యంల ఉన్న బలం ఏరి ఏరి గీ డబ్బాల పోసిన. నా మనుమరాలి నోటికాడికెళ్లి గూడ తీసిన. ఇగ మీరు ఏం తిడ్తరో తిట్టుండ్రి."

వెనకనుంచి ఒకామె, "మేం నిన్ను నమ్ముకొనే ఉంటిమి గదా" అంది. ఆ మాట తిట్టుకంటే గట్టిగా తగిలింది. దుర్గమ్మ తల దించుకొని అవునంది. వజ్రమ్మ చాటలోకి చూసింది, గిన్నెలోకి చూసింది, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది.

"అయితే వదినే, నా కోడి ఊకే గుడ్లు పెట్టుడు గిందుకేనా?"

ముందు నయన నవ్వింది. తర్వాత టిఫిన్ డబ్బాలన్నీ నవ్వాయి. దుర్గమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వజ్రమ్మ గిన్నెలో ఏరిన గింజల్ని తిరిగి అదే చాటలో పోసి, రెండు చేతులా కలిపి, దుర్గమ్మ చేతికిచ్చింది.

ఆ తర్వాతి నెల గల్లీలో ఎవరూ గింజ ఏరలేదు. రాళ్లుంటే రాళ్లు ఏరారు, అంతే. అంకిత గోళీ నిమ్మకాయ నీళ్లతో మింగింది. చాయ్ ఎప్పుడు పెట్టాలో గడియారం చూసి పెట్టింది దుర్గమ్మ. చివరికి పరీక్ష రోజు వచ్చింది. అవ్వా మనవరాలూ ఒకరి చేయి ఒకరు పట్టుకొని ఆరోగ్య కేంద్రానికి పోయారు. శ్రీదివ్య వేలు పొడిచి, చిన్న మిషన్‌లో పెట్టి, చూసి, వెంటనే చెప్పకుండా కాస్త ఆటాడింది.

"పది పాయింట్ ఆరు."

అంకిత ఎగిరి అవ్వ మెడకు చుట్టుకుంది. ఆ ఊపుకు దుర్గమ్మ తూలి బల్ల మీద కూలబడింది. కళ్ల ముందు చీకటి కమ్మి, కాసేపటికి విడిపోయింది. శ్రీదివ్య ఆమె కింది కనురెప్ప లాగి చూసింది.

"అవ్వా, నువ్వు గూడ వేలు పెట్టు."

"నాకెందుకమ్మా, నేనేమన్న కబడ్డీ ఆడతనా?"

వేలు పెట్టింది. మిషన్ మీద అంకె పడింది. ఏడు పాయింట్ ఆరు.

"నువ్వు ఏం తింటవ్ అవ్వా రోజూ?"

దుర్గమ్మ నోరు తెరిచేలోగా అంకితే చెప్పింది. "మేమందరం తిన్నంక తింటది. అడుగున మాడిన అన్నం, కారం. తోటకూర నాకే ఏస్తది, గుడ్డు నాకే పెడ్తది. తిన్నంక గ్లాసెడు చాయ్." పిల్లకు అన్నీ తెలుసు. ఇన్నాళ్లూ చూస్తూనే ఉంది.

"వయసు బిడ్డా, గంతే" అని గొణిగింది దుర్గమ్మ.

"వయసు కాదు, పొగ" అంది అంకిత. బాయిలర్ సంగతి అవ్వే కదా నెల నుంచి వందసార్లు చెప్పింది. "ఇను అవ్వా. సార్ నాకు షర్తు పెట్టిండు గదా, ఇగ నేను నీకు పెడుతున్న. శనివారం పోటీల దాకా నువ్వు నా ముంగటనే, నా కంటె ముందుగాల తినాలె. తినకుంటె షామీర్‌పేట నా ఆట సూడ తీస్కపోను."

నోటి మాట అనుకుంది దుర్గమ్మ. ఆ పూట దీపాలు పెట్టే వేళకు అంకిత ఆమెను పీట మీద కూర్చోబెట్టి, కంచంలో మొదటి గంటె అన్నం, పక్కన తోటకూర, సగం గుడ్డు కాదు, గుడ్డంతా పెట్టింది. నిమ్మకాయ పిండింది. చాయ్ గిన్నె తీసి అటక మీద పెట్టింది. తన కంచం ఖాళీగా ఒళ్లో పెట్టుకొని ఎదురుగా కూర్చుంది. ఆ ఇంట్లో దుర్గమ్మ కంచంలోకి ఒకరు ఇలా చూడడం ఇదే మొదటిసారి. ఆమెకు ఏం చేయాలో తోచక అలవాటుగా వేలితో మెతుకులు తిప్పింది.

ఉడికాక ఆ గింజను మామూలు కళ్లు పోల్చలేవు. ఆమె కళ్లు పోల్చాయి. కంచం అంచున ఒకటి, కొసకు గాటు లేనిది. వేళ్ల మధ్య పట్టుకొని పైకెత్తింది. అంకిత కన్నార్పకుండా చూస్తోంది.

"తిను అవ్వా. నాకు ఆకలైతాంది."

దుర్గమ్మ ఆ గింజ నోట్లో వేసుకుంది. నమిలింది. ముద్ద కలుపుకుంది.